పంపిన మెయిలు చేరిందా?
(చిన్న వ్యాపార సర్వర్లలో ఇ-మెయిల్ ఇబ్బందులు – సరిచేసే విధానం)

ఈసారి వార్షికోత్సవ సంచికకు పనికొచ్చే పాఠం ఒకటి రాయమని మన వసతి గృహం నుంచి కబురు వచ్చింది. పాత విద్యార్థుల్లో సర్వర్ల పని చేసుకుని బతుకుతున్న వాళ్ళం ముగ్గురం ఉన్నాం. పుస్తకాల్లో దొరికే పాఠం కన్నా మా చేతుల మీదుగా జరిగిన పని చెబితే తమ్ముళ్ళకు బాగా ఎక్కుతుందనిపించింది. ఒక చిన్న సంస్థ నుంచి బయటికి వెళ్ళే ఇ-మెయిళ్ళు చేరకపోవడం, కారణాలు వెతికి బాగు చేయడం – ఇదీ విషయం. డిప్లొమా, డిగ్రీ చదివే వాళ్ళకు వెంటనే ఉపయోగపడుతుంది. పదో తరగతి వాళ్ళు కూడా చదవండి. అర్థం కాని చోట ఆగి పెద్దవాళ్ళను అడగండి.

మేము నాగాయలంక హాస్టల్లో ఉన్న రోజుల్లో ఇంటి నుంచి కార్డు ముక్కో, ఇన్లాండ్ లెటరో వచ్చేది. అప్పుడప్పుడూ మనియార్డరు. మనం రాసిన ఉత్తరానికి అడ్రసు తప్పయితే తిరుగు టపాలో వెనక్కి వచ్చేది. ఎందుకు తిరిగొచ్చిందో పోస్ట్‌మాన్ కవరు మీదే రాసేవాడు. ఇ-మెయిల్‌కు కూడా అచ్చం అలాంటి తిరుగు టపా ఉంది. దాన్ని బౌన్స్ అంటారు. అయితే ఆ తిరుగు టపా ఎవరి బల్ల మీద పడుతోందో మనమే చూసుకోవాలి. మా కథంతా అక్కడే ఉంది.

పెడనలో కలంకారీ అద్దకం చేసే ఒక చిన్న సంస్థలో మా బ్యాచ్ వాడొకడు లెక్కలు చూస్తాడు. సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. వాళ్ళకు అద్దెకు తీసుకున్న సర్వర్ ఒకటి ఉంది. వెబ్‌సైటు, బిల్లులు వేసే సాఫ్ట్‌వేర్, మెయిలు అన్నీ దాని మీదే. రేట్ల కాగితం గానీ బిల్లు గానీ తయారు చేసి ‘పంపు’ అనే బటన్ నొక్కితే ‘పంపబడింది’ అని పచ్చ అక్షరాలు వస్తాయి. 2024 వేసవిలో ఢిల్లీ పార్టీ ఒకరు ఫోన్ చేసి, రేట్లు పంపుతామని పదిహేను రోజులైనా ఏమీ రాలేదన్నారు. యజమాని మా వాణ్ణి పిలిచి అడిగాడు. “పంపానండీ, ఇదిగో చూడండి” అని పచ్చ అక్షరాలు చూపించాడు. వారం తిరక్కుండానే చెన్నై పార్టీ అదే మాట అన్నారు. మూడోసారి యజమాని, “నువ్వు పంపుతున్నావో, పంపినట్టు చూపిస్తున్నావో నాకేం తెలుసయ్యా?” అన్నాడట.

రాత్రి పదింటికి మాకు ఫోన్ వచ్చింది. “ఒరేయ్, నా మీద దొంగతనం కట్టినట్టుందిరా. ఈ నెల జీతం కూడా ఆపుతాడేమో” అన్నాడు. ఆరేళ్ళు పక్కపక్కన ట్రంకు పెట్టెలు పెట్టుకుని చదివిన వాడు. మర్నాడు ఆదివారం. ముగ్గురం బందరులో కలుసుకుని పెడన వెళ్ళాం.

పచ్చ అక్షరాలకు అర్థం

ఇక్కడ మెయిలు ఎలా ప్రయాణం చేస్తుందో కొంచెం తెలుసుకోవాలి. మనం రాసిన మెయిలు మొదట మన సర్వర్ చేతికి వెళ్తుంది. అది వీధిలోని ఎర్ర డబ్బాలో ఉత్తరం వేయడం లాంటిది. ‘పంపబడింది’ అనే మాటకు అంతవరకే అర్థం. తర్వాత మన సర్వర్, అవతలి వాళ్ళ డొమైన్ పేరుకు మెయిలు తీసుకునే యంత్రం ఏదో డి.ఎన్.ఎస్.లో వెతుకుతుంది. డి.ఎన్.ఎస్. అంటే ఇంటర్నెట్‌కంతటికీ ఉన్న చిరునామాల పుస్తకం. అందులో మెయిలు కోసం పెట్టిన నమోదును ఎం.ఎక్స్. రికార్డు అంటారు. ఆ యంత్రం తెలిశాక దాని 25వ నంబరు పోర్టు తలుపు తడుతుంది. తన పేరు చెబుతుంది. పంపుతున్నది ఎవరో, చేరవలసింది ఎవరికో చెప్పి, చివర మెయిలు అందిస్తుంది. ఈ సంభాషణకు పెట్టిన కట్టుబాటే ఎస్.ఎం.టి.పి. దీన్ని 1982లో జాన్ పోస్టెల్ రాసిపెట్టాడు.

మెయిలు ఇచ్చేటప్పుడు ప్రతి మాటకూ అవతలి సర్వర్ మూడంకెల నంబరుతో జవాబిస్తుంది. మొదటి అంకె 2 అయితే సరే, తీసుకున్నాను అని. 4 అయితే ఇప్పుడు కుదరదు, మళ్ళీ రా అని. 5 అయితే తీసుకోను, మళ్ళీ రావద్దు అని. ఈ మూడు అంకెలూ గుర్తుపెట్టుకుంటే సగం పాఠం అయిపోయినట్టే.

ఈ జవాబులన్నీ మన సర్వర్‌లోని లాగ్ ఫైల్లో నమోదవుతాయి. పెడన సర్వర్‌లో ఉన్న మెయిలు ప్రోగ్రాము పోస్ట్‌ఫిక్స్. వీట్సే వెనెమా రాసిన ఈ ప్రోగ్రాము 1998లో బయటికి వచ్చింది, ఉచితంగా దొరుకుతుంది. దీని లాగ్‌లో ప్రతి మెయిలుకూ ఒక వరుస ఉంటుంది. చివర స్థితి ఉంటుంది: ‘సెంట్’ అంటే అవతలి సర్వర్ తీసుకుంది, ‘డిఫర్డ్’ అంటే వాయిదా పడింది, ‘బౌన్స్‌డ్’ అంటే తిరిగొచ్చింది. పక్కనే కుండలీకరణాల్లో అవతలి వాళ్ళు అన్న మాట యథాతథంగా ఉంటుంది. చాలామంది ఈ ఫైలు తెరవకుండానే గూగుల్లో వెతికి, దొరికిన మార్పల్లా చేసేస్తారు. జబ్బు తెలియకుండా మందు షాపులో అడిగి మాత్రలు వేసుకోవడం లాంటిది. మేమూ కొత్తలో అలాగే చేశాం, అందుకే చెబుతున్నాం.

లాగ్ తెరిస్తే ఢిల్లీ పార్టీ పేరు దగ్గర ‘బౌన్స్‌డ్’ అని ఉంది. పక్కన 550, తర్వాత 5.7.26. ఈ మెయిలు పంపిన వారెవరో రుజువు లేదు కాబట్టి తీసుకోలేదు అని దాని సారాంశం. చెన్నై పార్టీ దగ్గరా అదే. ఇద్దరి మెయిళ్ళూ గూగుల్ దగ్గర ఉన్నాయి. వేరే చోట పెట్టెలున్న ఇద్దరు ముగ్గురు పార్టీలకు మాత్రం ‘సెంట్’ అనే ఉంది. అంటే కొందరికి చేరి కొందరికి చేరకపోవడం మా వాడి బద్ధకం వల్ల కాదు.

మరి తిరుగు టపా ఏమైంది? బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పంపే మెయిళ్ళకు కవరు మీది పంపినవారి పేరుగా మా వాడి అడ్రసు లేదు. వెబ్ సర్వర్ నడిచే యూజర్ పేరు ఉంది. మెయిల్లో పైకి కనిపించే ‘ఫ్రమ్’ పేరు వేరు, కవరు మీద పేరు వేరు. కవరు మీద పేరుకే బౌన్స్‌లు వెళ్తాయి. ఆ యూజర్ పెట్టెను ఏ మనిషీ ఏనాడూ తెరవలేదు. తెరిస్తే వందల కొద్దీ బౌన్స్‌లు, మార్చి నుంచి వరుసగా, తేదీలతో సహా ఉన్నాయి. యజమానిని పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టి చూపించాం. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత “మార్చిలోనే కదూ సర్వర్ మార్చింది?” అన్నాడు. అద్దె తక్కువని మార్చిలో కొత్త సర్వర్‌కు మారారట. అసలు ముడి అక్కడ విడింది.

రిజిస్టరులో పేరు

ఎస్.ఎం.టి.పి. పుట్టినప్పుడు పంపేవాడు ఎవరో తనిఖీ చేసే ఏర్పాటు లేదు. కవరు వెనక ఎవరి పేరైనా రాయవచ్చు. వ్యాపార ప్రకటనలు గుంపుగా పంపడం 1978లోనే మొదలైంది. ఆ ఏడాది మే నెలలో గ్యారీ తురెక్ అనే కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి దాదాపు 400 మందికి ఒకేసారి ప్రకటన పంపాడు. అది పెరిగి పెరిగి లోకమంతా దొంగ మెయిళ్ళతో నిండాక, పంపేవాడి గుర్తింపు అడగడం మొదలైంది. ఇప్పుడు ముఖ్యంగా అడిగేవి మూడు: ఎస్.పి.ఎఫ్., డి.కె.ఐ.ఎం., డిమార్క్.

హాస్టల్ నుంచి పిల్లవాణ్ణి ఇంటికి తీసుకెళ్ళాలంటే, తీసుకెళ్ళే పెద్దల పేర్లు ముందే వార్డెన్ గారి రిజిస్టరులో ఉండాలి కదా. ఎస్.పి.ఎఫ్. అలాంటిదే. మా డొమైన్ పేరుతో మెయిలు పంపడానికి ఈ ఈ ఐ.పి. నంబర్ల సర్వర్లకే అధికారం ఉందని డి.ఎన్.ఎస్.లో రాసిపెట్టడం. పెడన వాళ్ళ రిజిస్టరులో పాత సర్వర్ నంబరు అలాగే ఉంది, కొత్తది లేదు. అంటే సొంత తండ్రి వచ్చినా గేటు దగ్గర ఆపేశారన్నమాట.

ఇంకో సంగతి కలిసింది. గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి నిబంధనలు బిగించాయి. పంపే వాళ్ళెవరైనా ఎస్.పి.ఎఫ్. గానీ డి.కె.ఐ.ఎం. గానీ కనీసం ఒకటి సరిగ్గా చూపించాలి. రోజుకు 5,000 కంటే ఎక్కువ పంపే వాళ్ళకు డిమార్క్‌తో కలిపి మూడూ తప్పనిసరి. మైక్రోసాఫ్ట్ కూడా తన అవుట్‌లుక్ పెట్టెలకు ఎక్కువ సంఖ్యలో పంపే వాళ్ళకు 2025 మే నుంచి ఇలాంటి షరతులే పెట్టింది. పెడన వాళ్ళు పంపేవి రోజుకు పది, పదిహేను. అయినా మొదటి షరతు దగ్గరే ఆగిపోయారు.

ఇక మేము చేసిన తప్పు. కొత్త నంబరుతో ఎస్.పి.ఎఫ్. వాక్యం రాసి హుషారుగా డి.ఎన్.ఎస్.లో చేర్చాం. పాతది తీసేయలేదు, ఉంటే ఏం పోతుందిలే అనుకున్నాం. ఒక డొమైన్‌కు రెండు ఎస్.పి.ఎఫ్. రికార్డులు ఉంటే రెండూ చెల్లవు. తనిఖీ చేసే సర్వర్ దాన్ని శాశ్వత దోషంగా లెక్కేస్తుంది. అంతకుముందు ఈ పేరుతో మెయిళ్ళు తీసుకుంటున్న ఒక పార్టీ సర్వర్ కూడా వెనక్కి పంపింది. సాయంత్రం మా వాడు ఫోన్ చేసి, “అన్నలూ, ఉన్నది కూడా పోయింది” అని వెక్కిరించాడు. రెండూ కలిపి ఒకటే రాశాం. అయినా వెంటనే కుదరలేదు. డి.ఎన్.ఎస్.లో ప్రతి నమోదుకూ ఎంతసేపు గుర్తుంచుకోవాలో ఒక గడువు ఉంటుంది. అక్కడ 24 గంటలు పెట్టి ఉంది. అవతలి వాళ్ళు ఆ గడువు దాటాకే కొత్తది చూస్తారు. మార్పు చేయబోయే ముందు రోజే ఆ గడువును అయిదు నిమిషాలకు తగ్గించి ఉంచుకోవడం పని తెలిసిన వాళ్ళ పద్ధతి. మాకు ఆ రోజు తోచలేదు.

ఎస్.పి.ఎఫ్.లో మరో మెలిక ఉంది. ఆ వాక్యంలో ఇతర సంస్థల పేర్లు చేర్చుకుంటూ పోతే, వాటిని విప్పడానికి పదికి మించి డి.ఎన్.ఎస్. వెతుకులాటలు అవసరమైతే అదీ చెల్లదు. వాడని సేవల పేర్లు తీసేయండి.

నంబరు చెబితే పేరు, పేరు చెబితే నంబరు

మంగళవారం నాటికి గూగుల్ పెట్టెలకు మెయిళ్ళు వెళ్ళడం మొదలైంది. కానీ చిత్రం – ఒకటి వెళ్తోంది, ఒకటి తిరిగొస్తోంది. ఇలాంటప్పుడు తిరిగొచ్చినవన్నీ ఒక చోట, చేరినవన్నీ ఒక చోట పెట్టుకుని తేడా ఏమిటో చూడాలి. మాకు అది చూడటానికి రెండు గంటలు పట్టింది. చేరినవన్నీ పాతరకం ఐ.పి. నంబరు, అంటే ఐ.పి.వి.4 మీద వెళ్ళాయి. తిరిగొచ్చినవన్నీ ఐ.పి.వి.6 మీద వెళ్ళాయి. కొత్త సర్వర్‌కు రెండు నంబర్లూ ఇచ్చారని ఎవరికీ తెలియదు. ఐ.పి.వి.6 నంబరు ఎస్.పి.ఎఫ్.లో లేదు, దానికి పి.టి.ఆర్. రికార్డూ లేదు.

పి.టి.ఆర్. అంటే హాజరు పట్టీని తిరగేసి చూడటం. పేరు చెబితే రోల్ నంబరు రావాలి, రోల్ నంబరు చెబితే అదే పేరు రావాలి. సర్వర్ ఐ.పి. నంబరును డి.ఎన్.ఎస్.లో అడిగితే ఒక పేరు రావాలి. ఆ పేరును మళ్ళీ అడిగితే అదే ఐ.పి. రావాలి. తలుపు తట్టినప్పుడు సర్వర్ చెప్పుకునే పేరు కూడా అదే అయితే మంచిది. ‘లోకల్‌హోస్ట్’ అని చెప్పుకునే సర్వర్‌ను ఎవరూ నమ్మరు. ఇక్కడ చాలామంది పొరపడేది ఏమిటంటే, పి.టి.ఆర్.ను మన డొమైన్ కొన్న చోట పెట్టలేం. ఐ.పి. నంబరు ఎవరిదో వాళ్ళే, అంటే సర్వర్ అద్దెకిచ్చిన వాళ్ళే పెట్టాలి. వాళ్ళకు ఒక అర్జీ పెడితే సరిపోయింది. ఐ.పి.వి.6 విషయంలో మేము సులువైన దారి పట్టాం. పోస్ట్‌ఫిక్స్‌ను ఐ.పి.వి.4 మాత్రమే వాడమని చెప్పాం. చిన్న సంస్థకు అది చాలు.

లక్క ముద్ర

తర్వాత డి.కె.ఐ.ఎం. పెట్టాం. పెడన, బందరు అద్దకం బట్టలు ఓడలెక్కడం ఈనాటిది కాదు. 1611లో ఇంగ్లీషు వాళ్ళు బందరులో వర్తక స్థావరం పెట్టింది ఈ బట్టల కోసమే. అప్పటి వర్తకుల ఉత్తరాలకు లక్క ముద్ర ఉండేది, ముద్ర పగిలితే ఎవరో విప్పారని అర్థం. డి.కె.ఐ.ఎం. కూడా అలాంటి ముద్రే. మన సర్వర్ తన దగ్గరున్న రహస్య తాళంతో ప్రతి మెయిలుకూ సంతకం చేస్తుంది. దానికి జోడీ అయిన బహిరంగ తాళం డి.ఎన్.ఎస్.లో ఉంటుంది. దారిలో ఒక్క అక్షరం మారినా సంతకం కలవదు. తాళం 2048 బిట్లది పెట్టుకుంటే మేలు. అంత పొడుగు తాళాన్ని డి.ఎన్.ఎస్.లో ఒకే ముక్కగా రాయడం కుదరదు, ఒక ముక్కలో 255 అక్షరాలే పడతాయి. రెండు ముక్కలుగా కొటేషన్ గుర్తుల్లో రాయాలి. మధ్యలో పొరపాటున ఏదైనా తెగిపోతే సంతకం చెల్లదు.

డిమార్క్ అంటే పై రెండూ కలవకపోతే ఏం చేయాలో గేటు దగ్గర కాగితం అంటించడం. ఏమీ చేయకండి, అనుమానంగా పక్కన పెట్టండి, వెనక్కి పంపండి – ఈ మూడింట్లో ఏదో ఒకటి. పైకి కనిపించే ‘ఫ్రమ్’ డొమైన్, ఎస్.పి.ఎఫ్. లేదా డి.కె.ఐ.ఎం. నెగ్గిన డొమైన్‌తో సరిపోవాలన్నది దీని అసలు షరతు. మొదటి రోజే ‘వెనక్కి పంపండి’ అని పెట్టకండి. మొదట ‘ఏమీ చేయకండి, నాకు నివేదిక పంపండి’ అని పెట్టి కొన్ని వారాలు చూడాలి. మనం మరిచిపోయిన సర్వర్లు కూడా మన పేరుతో పంపుతున్నాయేమో ఆ నివేదికల్లో తెలుస్తుంది.

పని అయ్యాక పరీక్ష సులభం. సొంత జీమెయిల్‌కు ఒక మెయిలు పంపి, దాన్ని తెరిచి మెనూలో ‘షో ఒరిజినల్’ నొక్కితే మూడింటి పక్కన ‘పాస్’ అని కనిపించాలి. మాకు గురువారం రాత్రికి మూడూ పాసయ్యాయి. మా పదో తరగతి ఫలితాలప్పుడు కూడా అంత సంతోషపడ్డట్టు లేదు.

ఇతర జబ్బులు

పెడనలో మాకు తగలనివి కూడా రెండు మూడు చెప్పాలి.

లాగ్‌లో ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అని అందరి దగ్గరా ఉంటే 25వ పోర్టు మూసి ఉందని అనుమానించండి. వైరస్ పట్టిన యంత్రాలు దొంగ మెయిళ్ళు పంపకుండా చాలా ఇంటర్నెట్ కంపెనీలు, క్లౌడ్ సంస్థలు బయటికి పోయే ఆ దారిని మూసి ఉంచుతాయి. గూగుల్ క్లౌడ్‌లో బయటికి 25 మూసే ఉంటుంది, అమెజాన్‌లో అడిగి తెరిపించుకోవాలి. లేదంటే వేరే మెయిలు సేవ ద్వారా 587వ పోర్టు మీద, యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో పంపించాలి. దీన్ని రిలే అంటారు.

నాలుగుతో మొదలయ్యే జవాబులకు కంగారు పడవద్దు. కొన్ని సర్వర్లు కొత్తవాళ్ళను కావాలనే ‘కాసేపాగి రా’ అంటాయి. నిజమైన సర్వర్ మళ్ళీ వస్తుంది, దొంగ మెయిళ్ళ ప్రోగ్రాములు చాలావరకు రావు. పోస్ట్‌ఫిక్స్ తనంతట తనే మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. అయితే మామూలు అమరికలో అయిదు రోజులు ప్రయత్నించాకే చేతులెత్తేస్తుంది. అప్పటిదాకా పంపిన మనిషికి ఒక్క మాటా చెప్పదు. వ్యాపారంలో అయిదు రోజులంటే మాటలా! నాలుగు గంటల్లో చేరకపోతే పంపినవాడికి హెచ్చరిక వచ్చేలా ఒక్క వరుస మార్చుకోవచ్చు. వాయిదాలో ఉన్నవి ‘మెయిల్‌క్యూ’ అనే ఆజ్ఞతో కనిపిస్తాయి.

ఆ క్యూలో మీకు తెలియని వేల మెయిళ్ళు కనిపిస్తే సంగతి వేరు. ఎవరో మీ సర్వర్ మీద స్వారీ చేస్తున్నారు. బందరులో ఒక రోల్డ్‌గోల్డ్ వ్యాపారికి ఇలాగే అయింది. పాస్‌వర్డ్‌గా కొట్టు పేరు, పక్కన 123 పెట్టుకున్నారు. ఒక్క రాత్రిలో వాళ్ళ పేరుతో దొంగ మెయిళ్ళు వెళ్ళి, తెల్లారేసరికి వాళ్ళ ఐ.పి. బ్లాక్‌లిస్టుల్లో పడింది. 1998లో మొదలైన స్పామ్‌హాస్ లాంటి సంస్థలు ఈ జాబితాలు నడుపుతాయి. అడిగితే పేరు తీసేస్తారు. కానీ ముందు కన్నం పూడ్చాలి – పాస్‌వర్డ్ మార్చాలి, క్యూ ఖాళీ చేయాలి, ఎవరు ఎక్కడి నుంచి లాగిన్ అయ్యారో లాగ్‌లో చూడాలి. కన్నం ఉండగా అర్జీ పెట్టుకుంటే మళ్ళీ జాబితాలోకే వెళ్తారు, రెండోసారి బయటపడటం కష్టం.

చిన్న సంస్థ సొంతంగా మెయిలు సర్వర్ నడపాలా అని మమ్మల్ని చాలామంది అడుగుతారు. చూసుకునే మనిషి లేకపోతే వద్దనే మా అభిప్రాయం. అయిదారు పెట్టెలకు అద్దె సేవ తీసుకోవడమే చవక. పెడన వాళ్ళకూ ఆ మాటే చెప్పాం. యజమాని వినలేదు. “మీ వాడున్నాడుగా, చూసుకుంటాడు” అన్నాడు. మా వాడికి ఆయన క్షమాపణేమీ చెప్పలేదు గానీ, ఆ మాట అన్నాడు, ఆ నెల జీతం ఒకటో తారీఖునే ఇచ్చాడు. ఢిల్లీ పార్టీ మాత్రం అప్పటికే వేరే వాళ్ళకు ఆర్డరు ఇచ్చేసింది. అది తిరిగి రాలేదు.

ఇప్పుడు బౌన్స్‌లన్నీ మా వాడి పెట్టెకే వస్తున్నాయి. ప్రతి సోమవారం పొద్దున రెండు మూడు రకాల పెట్టెలకు పరీక్ష మెయిలు పంపి, లాగ్ చూసి, నోటు పుస్తకంలో తేదీ వేసి రాసుకుంటున్నాడు. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ పుస్తకం చూపించాడు. ఒక పేజీలో ‘4తో మొదలైంది, ఆగాను, చేరింది’ అని ఉంది.

దీన్ని నేర్చుకోవడానికి డబ్బు ఖర్చు లేదు. పాత కంప్యూటర్ ఒకటి దొరికితే డెబియన్, పోస్ట్‌ఫిక్స్ ఉచితంగా వేసుకోవచ్చు. అందులోనే ఇద్దరు యూజర్లను పెట్టి, ఒకరి నుంచి ఒకరికి మెయిలు పంపి, లాగ్ చదవండి. తర్వాత లేని పేరుకు పంపి ఏమవుతుందో చూడండి. సెలవుల్లో మేము ఊరికి వచ్చినప్పుడు సాయంత్రాలు శ్రీరామపాదక్షేత్రం ఘాట్ దగ్గరే కూర్చుంటాం. మీకు వచ్చిన బౌన్స్‌ను కాగితం మీద రాసుకుని తీసుకురండి, కలిసి చదువుదాం.